గొల్లభామల అత్త

ఆవిడ పోయిన సంగతి నాకు పురసవాక్కంలో, ఒక చీరల దుకాణం మెట్ల మీద తెలిసింది. నేను ఎక్కుతున్నాను, ఆవిడ తమ్ముడు రెండు చేతుల నిండా సంచులతో దిగుతున్నాడు. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళింటి మేడ మీద గదిలో నేను కొన్నేళ్ళు అద్దెకున్నాను గనక ఆయన నన్ను ఇట్టే గుర్తుపట్టాడు.

"అక్క పోయింది పాపా. నీకు తెలీదా?" అన్నాడు. "జొరమన్నింది. రొంబ ఇబ్బందేం పడలేదు. తెల్లారి పోయి లేపితే లెయ్యలేదు, అంతే."

వెనక జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఎప్పుడు, ఎలా అని అడగాల్సింది పోయి నేను, "మరి అవి?" అన్నాను.

ఏవి అని ఆయన అడగలేదు. "అక్క కొడుకు ఫ్రెండు వచ్చి డబ్బాలన్నీ ఎత్తుకపోయినాడు. వాటితో నేనేం చేసేది? నాకు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తాది," అని సంచులు సర్దుకుని దిగిపోయాడు. నేను పైకి వెళ్ళాను. సేల్స్ అమ్మాయి చీరలు తీసి పరుస్తూనే ఉంది. ఏదీ కొనకుండా దిగి వచ్చేశాను.

ఒంగోలు నుంచి ఉద్యోగానికి మద్రాసు వచ్చిన కొత్తలో నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. పురసవాక్కంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. తెలుగువాళ్ళ ఇల్లయితే బాగుంటుందని ఎవరో చెబితే వాషర్‌మెన్‌పేట్ వెళ్ళాను. సందులో పాత మేడ. కింద ఆవిడ తమ్ముడి పప్పుల టోకు దుకాణం, వెనక వాళ్ళ కాపురం, దాని మీద ఆవిడ, ఆ పైన రెండు గదులు. వాళ్ళ తాతల తాతలెప్పుడో వ్యాపారానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. ఆవిడ తెలుగు వింటే మా వైపు నెల్లూరు చుట్టాలెవరో మాట్లాడుతున్నట్టు ఉండేది, మధ్యమధ్యలో అరవం పడుతుండేది.

అద్దెకొచ్చేవాళ్ళను ఎవరైనా ఊరు అడుగుతారు, ఉద్యోగం అడుగుతారు. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "బొద్దింకలంటే భయమా?" అంది.

"లేదాంటీ."

"ఈగలు?"

"అబ్బే."

"సరి. పక్క గదిలో కుంబిడు పూచ్చిలుండాయి. అవి నీ తావుకి రావు, నువ్వు వాటి తావుకి పోవద్దు. ఇంగోటి, ఆంటీ అనొద్దు. అంగట్లో పిలిచినట్టు ఉండాది. అత్తా అను."

కుంబిడు పూచ్చి అంటే మన గొల్లభామ. ముందుకాళ్ళు దణ్ణం పెడుతున్నట్టు ముడుచుకుని, మెడ తిప్పి మనవైపు చూసే ఆకుపచ్చ పురుగు. పక్క గదిలో గోడవారన బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉండేవి. స్వీట్లు పెట్టి ఇస్తారే, ఆ రకం. మూత కోసి దోమతెర అతికించినవి. ఒక్కో డబ్బాలో ఒక ఎండుపుల్ల, ఆ పుల్ల పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఒక పురుగు. ఒకే డబ్బాలో రెండు వేస్తే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. "డబ్బాకొక్కటే," అనేది ఆవిడ. "రెండు పెట్టినా ఒకటే."

ఆవిడ ఎలాంటి మనిషంటే, వంటింట్లో చీమలు బారు కట్టి పోతుంటే అవి పోయేదాకా బెల్లం డబ్బా తియ్యదు. దోమ వాలితే కొట్టదు, ఉఫ్ అని ఊదుతుంది. వంకాయ తరిగితే పురుగున్న ముక్కను తీసుకెళ్ళి మేడ మీద కుండీలో పెట్టి వస్తుంది. వాళ్ళింట్లో ఏడు తరాల నుంచి గుడ్డు కూడా గడప దాటలేదట. అలాంటి మనిషి అరటితొక్కలు సీసాలో వేసి కుళ్ళబెట్టి, వాటి మీద ఈగల్ని పెంచేది. రోజూ పొద్దున్నే ఆ సీసా మూతి గొట్టాన్ని ఒక్కో డబ్బాలోకి పెట్టి ఈగల్ని వదిలేది. వదిలేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేది. "నువ్వు తిను. పాపం నాకు రానీ," అని డబ్బా డబ్బాకీ చెప్పేది. చివరి డబ్బా అయ్యాక చేతులు పసుపునీళ్ళతో కడుక్కుని, కిందికి దిగి మళ్ళీ తలస్నానం చేసి, అప్పుడు దీపం పెట్టేది. ఏకాదశి రోజు ఆవిడ ఉపవాసం. ఆ రోజు పురుగులకూ ఏమీ పెట్టేది కాదు. "ఈపొద్దు ఈళ్ళకీ లేదు," అనేది, అవి కూడా ఒప్పుకున్నట్టు.

ఈ పురుగులెందుకని నేను చాలాకాలం అడగలేదు. ఆవిడే చెప్పింది, ఒకేసారి కాదు, వారానికో మాట చొప్పున.

అవి కొడుకువి. ఒక్కడే కొడుకు. భర్త వాడి చిన్నప్పుడే పోయాడు. చదువుకునే రోజుల్లో సైకిలేసుకుని మద్రాసు శివార్లలోని మనలి వెళ్ళి, అక్కడి పొదల్లోంచి మొదటి గొల్లభామను టిఫిను డబ్బాలో తెచ్చుకున్నాడట. బ్యాంకులో ఉద్యోగం వచ్చాక పారాగ్లైడింగ్ పిచ్చి పట్టుకుంది. పెద్ద గుడ్డరెక్కను తాళ్ళతో ఒంటికి కట్టుకుని, కొండ అంచు నుంచి పరుగెత్తి గాలిలోకి లేచే ఆట అది. ఏలగిరి కొండ మీద నేర్చుకున్నాడు. తర్వాత ఏటా చలికాలం సెలవు పెట్టి హిమాచల్ కొండలకు పోయేవాడు. వెళ్ళిన ప్రతిసారీ తల్లీకొడుకులకు ఒకటే తగువు. అది ఎగరడం గురించి కాదు, పురుగుల గురించి.

"నీ పూచ్చిల కోసరం నేను జీవహత్య చెయ్యనురా అన్నా," అని చెప్పింది ఆవిడ. "వాడు నవ్వి, తినకపోయినా కొన్నాళ్ళు ఉంటాయిలేమా, నువ్వు నీళ్ళు చిలకరించు చాలు, అన్నాడు. చిలకరించినా. అంతే చేసినా."

ఆ చలికాలం ఒక ఉదయం, అందరూ మంచి గాలి అనుకున్న రోజునే, కొండకొమ్ము దాటుతుండగా అతని రెక్క ఒక పక్క మడతపడింది. అది మళ్ళీ విచ్చుకునేంత ఎత్తులో అతను లేడు.

శరీరం వచ్చింది, కార్యాలు జరిగాయి. ఇంటినిండా చుట్టాలు. మేడ మీదికి ఎవరూ వెళ్ళలేదు. పెద్దకర్మ నాడు భోజనాలు జరుగుతుండగా ఆవిడకు ఊపిరాడక పైకి వెళ్ళిందట. గది తలుపు తీస్తే చాలా డబ్బాల్లో పురుగులు ఎండిపోయి కిందపడి ఉన్నాయి. కొన్నింటికి మాత్రం ఇంకా ప్రాణం ఉంది. అందులో ఒకటి పొట్ట వీపుకంటుకుపోయి, పుల్లకు వేలాడుతూ, మెడ తిప్పి ఆవిడను చూసింది.

"కిందికి పోయినా పాపా. పెరట్లో తిని ఎత్తేసిన ఆకుల కుప్ప ఉండింది. ఈగలు ముసురుకోని ఉండాయి. చెయ్యి పెట్టి పట్టినా. ఒక్కటే దొరికింది. పిడికిట్లో గుయ్ గుయ్ అంటా ఉండింది. ఎత్తుకపోయి డబ్బాలో ఏసినా. నన్నెవురూ చూళ్ళేదు. అందురూ తింటా ఉండారు," అంది.

గొల్లభామ ఏడాది కూడా బతకదు. నేను వెళ్ళేనాటికి ఆవిడ పెంచుతున్నవి కొడుకు పెంచినవాటి పిల్లలు, వాటి పిల్లలు, వాటి పిల్లలు. గుడ్ల గూడు నురగ గట్టిపడినట్టు పుల్లకు అంటుకుని ఉంటుంది. అది పగిలి దారప్పోగుల్లాంటి పిల్లలు బిలబిలమంటూ దిగే రోజున ఆవిడ తమ్ముడి దుకాణం నుంచి కూడా ఖాళీ డబ్బాలు తెప్పించేది. పట్టినన్ని ఉంచుకుని తక్కినవాటిని మల్లెకుండీల్లో వదిలేది.

ఆవిడకు వేరే మాటలు ఉండేవి కావు. రాత్రి భోజనానికి కిందికి రమ్మని పిలిచేది. చారు పోసి, అప్పడం వేసి, ఈరోజు ఫలానా డబ్బాలోది ఒక్క ఈగనే తినిందనో, మూలన ఉన్నది రంగు మారుతోందనో చెప్పేది. మా ఇంటి సంగతులు నేను చెబితే వినేది గాని తిరిగి ఏమీ అడిగేది కాదు. ఒకసారి మా ఊళ్ళో ఖాయమైన నా సంబంధం తప్పిపోయింది. అవతలివాళ్ళు ఫోన్లోనే వద్దనేశారు. ఆ ఆదివారం నేను గది తలుపేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ పైకొచ్చింది. నేను ఏడుస్తూ ఉంటే ఓదార్చలేదు, ఏమైందని అడగలేదు. కింద చాప వేసుకుని కూర్చుంది.

చాలాసేపటికి, "పూచ్చి పొర ఇడిచేటప్పుడు దాన్ని కదిలించగూడదు," అంది. "యాలాడతా ఉంటాది. పడిపోతాదేమో అనిపిస్తాది. ముట్టుకుంటేనే పడిపోతాది. పక్కన కూచోవాల, అంతే."

చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. కాళ్ళు తిమ్మిరెక్కి, లేచేటప్పుడు నా మంచం పట్టుకోవాల్సి వచ్చింది.

కొడుకు స్నేహితుడు ఏడాదికొకసారి వచ్చేవాడు. ఇద్దరూ కలిసి ఎగరడం నేర్చుకున్నవాళ్ళు. ఆ రోజు కొండ మీద అతనూ ఉన్నాడు. వచ్చినప్పుడల్లా ఆవిడ పులిహోర చేసి, అరిటాకు వేసి వడ్డించేది. అతను తల వంచుకుని తినేవాడు. మాటలన్నీ పురుగుల గురించే. ఇంత పొడుగు పెరిగింది, ఇన్ని పొరలు విడిచింది అని ఆవిడ చెబుతుంటే ఊ కొట్టేవాడు. కొండ మాట ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

నేనున్న మూడో ఏడాది అనుకుంటా, అన్నం తింటూ అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "అమ్మా, వాడి వీడియో ఒకటి దొరికింది. ఏలగిరిలో, వాడి హెల్మెట్ కెమెరాలో తీసింది. చూస్తారా?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. గోడవైపు తిరిగి కూర్చుంది.

"పెట్టు. నేను చూడను, ఇంటా."

చూసింది నేను. పైన పసుపుపచ్చ రెక్క, కింద ఎక్కడో ఆటబొమ్మల్లా ఇళ్ళు, వాటి మీద గాలిలో ఊగుతున్న రెండు బూట్లు. గాలి హోరు తప్ప వేరే శబ్దం లేదు. ఆ హోరులోంచి కీచుమని ఏదో కూస్తోంది, ఆగుతోంది, మళ్ళీ ఇంకా గబగబా కూస్తోంది. ఒకచోట అతను పకపకా నవ్వాడు. "ఏయ్, సూపర్‌రా!" అన్నాడు ఎవరితోనో. ఆవిడ వీపు కదల్లేదు.

"ఆ కూత ఏంది?"

"చిన్న మీటరమ్మా. గాలి మనల్ని పైకి ఎత్తుతా ఉంటే అట్లా కూస్తుంది. ఎంత బాగా ఎత్తితే అంత వేగంగా కూస్తుంది."

"కిందికి దిగేటప్పుడు?"

"అప్పుడు వేరే గొంతమ్మా. బొంగురుగా."

వీడియో అయిపోయింది. ఫోన్ తెర నల్లబడింది. ఆవిడ ఇంకా గోడనే చూస్తూ అడిగింది.

"ఆపొద్దు, కొండెక్కేముందు, వాడేమన్నా తిన్నాడా?"

"ఆమామ్మా, తిన్నాడు. ఆలూ పరోటాలు. నా ప్లేట్లోది కూడా లాక్కున్నాడు."

"పెరుగు ఏసుకున్నాడా?"

"వేసుకున్నాడమ్మా."

"సరి," అంది ఆవిడ. మళ్ళీ, "అయితే సరి," అంది. ఇటు తిరిగి అతని ఆకులో చూసి, "నువ్వేంది, మజ్జిగన్నం లేకుండానే లేస్తా ఉండావా? కూచో," అని గరిటె అందుకుంది. అతను మారు వేయించుకుని మొత్తం తిన్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. అతను చెప్పింది నిజమేనా అని నేను అడగలేదు.

ఆ మరుసటి వానాకాలంలోనే ఆ సంగతి జరిగింది. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసి, గాలికి పురుగుల గది మీది రేకు లేచిపోయింది. నేను ల్యాబులో చిక్కుకుపోయాను. ఆవిడ ఒక్కతే పైకెక్కి, తడుస్తూ, అందినన్ని డబ్బాలు కిందికి చేరవేసింది. తక్కినవి నీళ్ళు నిండిపోయాయి. దించినవాటిలో కూడా చలికి చాలా చచ్చిపోయాయి. వాన వెలిసేసరికి మిగిలింది ఒక్కటి. బాగా ఎదిగిన ఆడది.

మగది లేకపోతే అది పెట్టే గుడ్లలోంచి పిల్లలు రావు. దాంతో కొడుకు పురుగుల సంతతి ఆగిపోతుంది.

తమ్ముడు పైకొచ్చి చూసి, "ఇంగ చాలక్కా," అన్నాడు మెత్తగా. "వాడే పోయినాడు. ఇవెందుకు? నీకూ వయసైపోయింది. ఈ ఈగలూ గీగలూ మానుకోని, మాతో కింద ఉండిపో."

ఆవిడ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అంతకుముందు ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని బెదురు కనిపించింది. ఆ డబ్బా ఒడిలో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. మూడో రోజు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర ఆపింది.

"పాపా, రేపు నీకు లీవు గదా? మనలి పోదామా?"

పోయాం. ఆటోలో ఆవిడ ఒడిలో ఖాళీ డబ్బా, అందులో ఒక పుల్ల. దగ్గరి చుట్టాల ఇళ్ళకు తప్ప ఇల్లు కదలని మనిషి, లారీల మధ్య, అక్కడి ఆయిలు ఫ్యాక్టరీల కంపులో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఫ్యాక్టరీ ప్రహరీ గోడ పక్కన సర్కారు తుమ్మ పొదలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. సాయంత్రం దాకా వాటిల్లో వెతికాం. నా చేతులు గీరుకుపోయాయి. దీపాలు వెలిగాక ఎదురుగా టీకొట్టు ట్యూబ్‌లైటు చుట్టూ పురుగులు ముసిరాయి. ఆ గోడ మీదే కనిపించింది. సన్నగా, రెక్కలు పొడుగ్గా, కొంచెం గోధుమరంగులో. మగది.

దీని కోసమా ఇంత దూరం వచ్చారు అని టీకొట్టతను అరవంలో నవ్వాడు. ఆవిడ అరచెయ్యి గోడకు ఆనించి, అది తనంతట తాను ఎక్కేదాకా ఆగింది.

ఆడది ఆకలిమీద ఉంటే మగదాన్ని తినేస్తుంది. అందుకని ముందు రెండు రోజులు దానికి ఈగలు విడవకుండా పెట్టింది. "కడుపు నిండితేనే అది మొగుడని చూస్తాది," అంది. ఆదివారం పొద్దున రెంటినీ ఒక డబ్బాలో వేసి, "నేను చూళ్ళేను, నువ్వు చూడు," అని గోడవైపు తిరిగింది. మగది చాలాసేపు కదల్లేదు. తర్వాత ఒక్క గంతులో దాని వీపు మీదికెక్కింది. మధ్యాహ్నం దాటాక విడిపోయాయి. నేను కేకేస్తే, ఆడది మెడ తిప్పి చూసేలోపల ఆవిడ ఇటు తిరిగి చీపురుపుల్ల అడ్డం పెట్టి మగదాన్ని బయటకు తీసేసింది. ఆ ఆడది తర్వాత పెట్టిన గుడ్లు పిల్లలయ్యాయి. ల్యాబు కొత్త శాఖకు బదిలీ అయి నేను తాంబరం వెళ్ళిపోయేనాటికి బల్ల మీద డబ్బాలు మళ్ళీ నిండాయి. కానీ నేను ఆవిడను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

మగదాన్ని కిటికీలోంచి వదిలేద్దామన్నాను నేను.

"ఈడనా? ఈడ చెట్టేది, చేమేది? యాడ్నించి తెచ్చినామో ఆడనే ఇడవాల."

"అంత దూరం మళ్ళీనా అత్తా?"

"వాళ్ళమ్మ చూస్తా ఉంటాది గదా," అంది ఆవిడ.

గొల్లభామ తల్లి గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే చచ్చిపోతుంది. పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి ఉండదు. ఆ సంగతి నాకు చెప్పింది ఆవిడే. నేను చెప్పులేసుకుని ఆటో పిలిచాను.

మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆటోను ఆగమని చెప్పి, ప్రహరీ గోడ దగ్గరికి నడిచాం. ఆవిడ డబ్బా మూత తీసి, వేలు లోపల పెట్టింది. అది వేలు మీదికి పాకి, చేతి అంచుదాకా వచ్చి ఆగింది. ముందుకాళ్ళు ముడుచుకుని, అటూ ఇటూ ఊగుతూ నిలబడింది. ఆవిడ చెయ్యి పైకెత్తింది. అలాగే పట్టుకుంది. దించమని నేను అనబోతుండగా అది రెక్కలు విప్పి లేచింది. పొదల మీదుగా, గోడ మీదుగా పోయి, పలచబడుతున్న వెలుతురులో చిన్న చుక్కలా అయింది. తర్వాత నాకు కనిపించలేదు.

ఆవిడ అలాగే నిలబడింది, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. "పోదామా అత్తా," అన్నాను. ఆటో అతను హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టి, "అమ్మా, పోలామా?" అని కేకేశాడు.

ఆవిడ తల తిప్పలేదు.

"ఉండప్పా," అంది. "అది యాడ వాలిందో చూసి వస్తా."